మా వారి రెండో మ్యాగజైన్

మా ఇంట్లో "మ్యాగజైన్ ఎక్కడ పెట్టారండీ?" అని నేను కేకేస్తే వారపత్రిక కోసం అనుకోకండి. ఆ మ్యాగజైన్లు మా అమ్మ రోజులవి. ఇది బుల్లెట్లు వరసగా పేర్చి పిస్టల్ పిడిలోకి తోసే చిన్న డబ్బా. పిస్టల్‌లో ఎలాగూ ఒకటి ఉంటుంది. నేను చెప్పబోయేది రెండోదాని సంగతి. విడిగా, ఎవరికీ కనపడకుండా ఒంటి మీద పెట్టుకు తిరిగేదాని సంగతి.

గోంగూర పచ్చడి గురించి రాసే మనిషికి ఇదేం పాడు టాపిక్ అనుకుంటున్నారా? టెక్సస్‌లో కాపురం చేస్తే వంటింటి దాకా ఇది వచ్చేస్తుందండీ. నాకు గన్ అంటే ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తేలిక.

మా వారు స్నేహితుడితో కలిసి గ్యాస్ స్టేషన్ నడుపుతారు. వారంలో నాలుగు రాత్రులు కొట్టు కట్టేసి క్యాష్ లెక్క చూసుకుని బయటికొచ్చేది ఆయనే. వీసా మీద ఉన్నన్నాళ్లూ గన్ ఊసే లేదు, ఇక్కడి ఫెడరల్ చట్టం వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఒప్పుకోదు. సిటిజన్‌షిప్ వచ్చాక క్లాసుకి వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నారు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండిన చాలామందికి లైసెన్సు లేకపోయినా చెల్లుతుంది, కానీ ఈయన క్లాసు చేయాల్సిందేనని నేను పట్టుబట్టాను. 2025 అక్టోబరులో ఇక్కడే ఒక గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌టైం చేసుకుంటున్న మన హైదరాబాద్ విద్యార్థిని కాల్చి చంపారు కదా, ఆ వార్త వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాతే ఈ రెండో మ్యాగజైన్ మొదలైంది.

"ఒకటి చాలదా, యుద్ధానికి వెళ్తున్నారా?" అన్నాను. ఆయన చెప్పింది వేరు. పిస్టల్ మొరాయించిందంటే చాలాసార్లు దోషం మ్యాగజైన్‌లోనే ఉంటుందట. లోపల స్ప్రింగు సరిగ్గా తోయకపోవడం, పై అంచులు వంగిపోవడం లాంటివి. అప్పుడు పాతది లాగేసి కొత్తది తోస్తే సరిపోతుందట. అంటే అది ఎక్కువ బుల్లెట్ల కోసం కంటే స్టెప్నీ టైరు లాంటిదన్నమాట. సరే, ఒప్పుకున్నాను.

ఇక పెట్టుకోవడం దగ్గర మొదలైంది అసలు భాగోతం. మా వారిది చిన్న రకం పిస్టల్, 9 మిల్లీమీటర్లది. మ్యాగజైన్‌లో పది బుల్లెట్లు పడతాయి. అవి నింపాక నా కేకుల త్రాసు మీద పెట్టి చూశాను, 180 గ్రాములకి అటూ ఇటూ. ఇంతేనా, ఫోను బరువే కదా అనిపిస్తుంది. కానీ ఫోను పల్చగా తొడకి అతుక్కుని పోతుంది. ఇది అలా కాదు. బరువంతా ఒకచోటే, పైగా మూలలు. ప్యాంటు జేబులో వేస్తే అడుగుకి జారి అడ్డంగా పడుకుంటుంది, నడిచినప్పుడల్లా తొడకి కొట్టుకుంటుంది. అదే జేబులో తాళాలు, చిల్లర ఉంటే గలగలలాడుతుంది. జేబులో ఉండే నలక, వేరుశనగ పొట్టు అంతా బుల్లెట్ల మధ్యకి దూరుతుంది. ఏ మొరాయింపుకి మందుగా పెట్టుకున్నారో అదే వస్తువు చెత్త పట్టి మొరాయించేలా తయారవుతుంది. చూడండి విచిత్రం.

క్లాసులో బెల్టుకి తగిలించుకునే తోలు పౌచ్ చెప్పారట. కుడిచేతి వాటం వాళ్లకి పిస్టల్ కుడివైపు, మ్యాగజైన్ ఎడమవైపు. బొడ్డు దగ్గర 12 గంటలు అనుకుంటే మ్యాగజైన్ 10 గంటల దగ్గర రావాలి. ఇంకా వెనక్కి జరిపితే కారులో కూర్చున్నప్పుడు పక్కటెముక కింద పొడుస్తుంది. ముందుకి తెస్తే, ఏం చెప్పను, మా వారి పప్పన్నం పొట్ట దాని మీద వాలుతుంది, వంగినప్పుడల్లా గిల్లుతుంది. పౌచ్‌లో బుల్లెట్ల మొనలు ముందువైపు చూడాలి. చెయ్యి వేయగానే చూపుడువేలు ముందు అంచు వెంట దిగుతుంది, చీకట్లోనైనా ఏ వైపు ఏదో తెలుస్తుంది. ఇదంతా బాగానే ఉంది కానీ గట్టి బెల్టు ఉండాలి, మీద వదులు చొక్కా ఉండాలి. జూలైలో ఇక్కడ 38 డిగ్రీలు దాటిన ఎండలో టీషర్టు వేసుకున్న మనిషికి నడుం దగ్గర ఎత్తుగా కనపడుతూనే ఉంటుంది. కొట్టులో వంగి నీళ్ల సీసాల పెట్టెలు ఎత్తే మనిషికి అది ఎక్కడ దాగుతుంది? చీలమండకి పట్టీలా కట్టుకునేవీ ఉన్నాయి. చూడటానికి బాగానే ఉంటుంది, అవసరంలో ఎవరు వంగి తీస్తారు?

దాంతో మా వారు మగవాళ్లందరూ చేసే పనే చేశారు. గుచ్చుకున్నప్పుడల్లా తీసి పక్కన పెట్టడం. ఒకరోజు డ్రెస్సింగ్ టేబుల్ మీద, ఒకరోజు ఫ్రిజ్ పైన, ఎక్కువసార్లు కారులో కాఫీ గ్లాసు పెట్టే చోట.

ఒక శనివారం మా తొమ్మిదేళ్ల వాడు కారులోంచి పుస్తకాల సంచీ తెచ్చుకోవడానికి వెళ్లి, చేతిలో అది పట్టుకుని లోపలికొచ్చాడు. "అమ్మా, నాన్న డ్రిల్లింగ్ మిషన్ బ్యాటరీ కారులో మర్చిపోయారు, చార్జింగ్‌లో పెట్టనా?" అన్నాడు.

నేను దోసె తిరగేస్తున్నాను. స్టవ్ ఆపేసి, చెయ్యి తుడుచుకుని, "ఇలా ఇవ్వు నాన్నా" అని తీసుకున్నాను. గొంతు మామూలుగానే ఉంచుకున్నాను. గన్ మా వారి ఒంటి మీదే ఉంది, ఆయన పెరట్లో ఉన్నారు. ఒట్టి మ్యాగజైన్ పేలదు, నాకు తెలుసు. అయినా ఆ పూట దోసెలు ఎలా వేశానో నాకే తెలియదు.

పిల్లలు పడుకున్నాక గొడవ పడ్డాం. "అందులో గన్ లేదుగా, ఏమైంది ఇప్పుడు?" అని ఆయన. "ఇవాళ ఇది గుచ్చుకుందని తీశారు. రేపు రెండోది గుచ్చుకుంటుంది, దాన్నీ తీస్తారు" అని నేను. ఇక్కడ 17 ఏళ్లలోపు పిల్లలకి నిండిన గన్ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు అవుతుంది. కేసు సంగతి అటుంచండి, 2014 డిసెంబరులో ఐడహోలో ఏమైంది? ఒక పెద్ద దుకాణంలో సరుకులు కొంటున్న తల్లి పర్సులో రెండేళ్ల పిల్లాడు చెయ్యి పెట్టాడు. గన్ పేలి తల్లి అక్కడే పోయింది. ఆ పర్సు కూడా గన్ పెట్టుకోవడానికని ప్రత్యేకంగా జిప్పు అరతో చేసిందే. ఆ కథ చదివినప్పటి నుంచి నాకు పర్సు జిప్పు చప్పుడంటేనే అదోలా ఉంటుంది.

ఆ రాత్రి నేను పెట్టిన షరతు ఒక్కటే. అయితే ఒంటి మీద, లేదంటే పెట్టెలో తాళం కింద. మూడో చోటు ఈ ఇంట్లో లేదు. ఆయన ఒప్పుకున్నారు కానీ, "ఒంటి మీద ఉంచుకోవాలంటే అది గుచ్చుకోకూడదు కదోయ్" అన్నారు. ఆ మాట నిజమే. అక్కడి నుంచి అది నా పని అయిపోయింది.

బరువైన వస్తువుని ఎవరికీ కనపడకుండా ఒంటి మీద దాచుకోవడం మన ఆడవాళ్లకి ఒకరు నేర్పాలా? మా అమ్మమ్మ ఇనప్పెట్టె తాళాల గుత్తి రొంటిన దోపుకునేది. వక్కాకు సంచీ ఒకవైపు, చిల్లర చెంగున ముడి. వడ్లు చెరిగేది, పాలు పితికేది, ఒక్కటీ జారేది కాదు. కిటుకేమిటంటే, దేని చోటు దానిదే. ఆ చోట ఇంకోటి ఉండదు. వస్తువు నిలువుగా, బిగుతుగా, ఒంటికి ఆనుకుని ఉంటుంది. ఊగకపోతే బరువు తెలియదు. పౌచ్‌లు అమ్మేవాళ్లు చెప్పేదీ అదే, కాకపోతే వాళ్లు ముప్పై డాలర్లు తీసుకుని చెప్తారు.

మా వారి ప్యాంటు ఎడమ ముందు జేబు తిరగేసి, అందులో పాత జీన్స్ గుడ్డతో ఒక అర కుట్టాను. జేబుల లైనింగ్ గుడ్డ దీనికి చాలదు, మూలలు నెల తిరక్కుండా చిల్లు పొడుస్తాయి. మిషన్‌కి 16 నంబరు జీన్స్ సూది వేసి, రెండేసి కుట్లు, మూతి దగ్గర రెండు చివర్లా ముందుకీ వెనక్కీ మూడుసార్లు తొక్కాను. అర అడుగు కొంచెం సన్నం. మ్యాగజైన్ దిగి అక్కడ నిలబడుతుంది, జారి పడుకోదు. మూతికి అర అంగుళం ఎలాస్టిక్. పైన ఒక అంగుళం బయటికి కనపడాలి, లేకపోతే వేళ్లకి దొరకదు. ముందుగా అట్టముక్క కత్తిరించి కొలత చూసుకున్నాను, నిండిన మ్యాగజైన్ కుట్టుమిషన్ దగ్గరికి తేనివ్వలేదు. అమర్చిన తర్వాత ఆయన్ని సోఫాలో కూర్చోమన్నాను, కారెక్కమన్నాను, వంగి చెప్పులు వేసుకోమన్నాను. మంచి బ్లౌజు కుట్టినప్పుడు చేతులెత్తి చూపించమంటామే, అలా.

కుట్టుకునే ఓపిక లేనివాళ్లకి జేబు అంచుకి కలం క్యాపులా తగిలించే లోహపు క్లిప్పు పౌచ్‌లు దొరుకుతాయి. బయటికి మడత చాకు క్లిప్పులా కనపడుతుంది, ఎవరూ రెండోసారి చూడరు. అందులోనైనా నియమం అదే. ఆ జేబులో ఇక తాళాలు వేయకూడదు.

ఆడవాళ్ల సంగతి అడుగుతారేమో. మా వాళ్లలో ఒకావిడ మోటల్ చూసుకుంటుంది, ఆవిడకి లైసెన్సు ఉంది. మన లెగ్గింగులకి బెల్టు ఉండదు, జేబులు ఉన్నా పేరుకే. ఆవిడ పొట్టకి వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ కడుతుంది, అచ్చం పురిటి తర్వాత మనకి కట్టే నడికట్టే. దానికే అరలు ఉంటాయి. లోపల పల్చటి కాటన్ బనియన్ లేకపోతే చెమటకి ఒరుసుకుపోతుందట. కుర్తా పక్క చీలిక పైకి ఉండాలి, లేకపోతే చెయ్యి చేరదు. చీర కట్టిన రోజు మాత్రం అన్నీ పెట్టెలోనే అంటుంది. పర్సులో ఆవిడ గన్ గానీ మ్యాగజైన్ గానీ పెట్టదు. పిల్లలు చాక్లెట్లకి తడిమేది ముందు పర్సే కదా.

పర్సులు, సంచీల విషయంలో ఇంకో భయం ఉంది. ఇక్కడి విమానాశ్రయాల తనిఖీల్లో 2023లో 6,737 గన్‌లు పట్టుకున్నారు. చాలామంది చెప్పేది ఒకటే, సంచీలో ఉందని మర్చిపోయామని. నిండిన మ్యాగజైన్ చేతి సంచీలో ఉన్నా తప్పించుకోలేరు. ఇక ఇండియా వెళ్లేటప్పుడైతే, మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేకుండా బ్యాగులో ఒక్క బుల్లెట్ దొరికినా కేసే. శంషాబాద్‌లో దిగి పెళ్లికి వెళ్లాల్సిన వాళ్లు పోలీస్ స్టేషన్‌లో కూర్చోవడం ఎంత ఖర్మ. అందుకని ప్రాక్టీసుకి తీసుకెళ్లే సంచీకి ఎర్ర ఊలు ముడి వేశాను. ఆ సంచీ ఇంకో ప్రయాణానికి కదలదు.

గన్‌లు వద్దని బోర్డు పెట్టిన కొట్లు ఉన్నాయి, పిల్లల స్కూలు ఉంది. అక్కడ దిగేటప్పుడు గన్ కారు సీటు కింద కేబుల్‌తో బిగించిన చిన్న ఇనప్పెట్టెలోకి వెళ్లాలి. జేబులో మ్యాగజైన్ కూడా దానితోనే. మేం వెళ్లే గుడికి బోర్డు లేకపోయినా నేను ఒప్పుకోను. శనివారం దేవుడి దగ్గరికి కూడా స్టెప్నీతో వెళ్లాలా? ఇంటికి రాగానే చెప్పులు విప్పేది గుమ్మం దగ్గర, ఇవి రెండూ విప్పేది పడగ్గదిలో నంబర్ల పెట్టె దగ్గర. మ్యాగజైన్ తీసేస్తే గన్ ఖాళీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదండీ. గొట్టం దగ్గర గదిలో ఒక బుల్లెట్ ఉండిపోతుంది. దాన్ని కూడా లాగి తీసి చూసుకోవాలి. ఇది నేను పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇష్టం లేని వస్తువు గురించే ముందు తెలుసుకోవాలని నా పాలసీ.

మా వాడికి కూడా చెప్పాం, అది బ్యాటరీ కాదని, ఎక్కడ కనపడినా ముట్టుకోకుండా వచ్చి చెప్పమని. మన ఇంట్లోనే కాదు, స్నేహితుల ఇళ్లలో కూడా. వాడిని ఆడుకోవడానికి పంపేముందు "మీ ఇంట్లో గన్ ఉందా, తాళంలో ఉంటుందా?" అని వాళ్లమ్మని అడుగుతున్నాను. మొదట్లో మొహమాటంగా ఉండేది. ఇప్పుడు పల్లీల అలర్జీ ఉందా అని అడిగినట్టే అడుగుతున్నాను. ఒకావిడ మూతి ముడుచుకుంది కానీ, వారం తిరక్కుండా లాకర్ కొన్నారట.

ఇప్పటికి నాలుగు ప్యాంట్లు కుట్టాను, ఖాకీ రంగుది ఒకటి మిగిలింది. కప్పు పెట్టే చోట కాఫీ కప్పే ఉంటోంది. మా వారి పార్ట్‌నర్ భార్య చూసి, "మా ఆయనకి కూడా రెండు కుట్టిపెట్టవా వదినా" అని పంపించింది. వాళ్లకి మూడేళ్ల పాప. కుడతాను కానీ, ముందు మీ ఇంట్లో పెట్టె ఎక్కడ పెట్టారో చూపించమన్నాను. "చూద్దాంలే వదినా, కొనాలి" అంది. ఆ రెండు ప్యాంట్లూ మిషన్ పక్కన బల్ల మీద మడతపెట్టి ఉన్నాయి. ఇంకా కుట్టలేదు.