ముందు ఒక మొహల్లా

కొత్త ధందా ఒక మొహల్లాతో మొదలెట్టాలా, షహర్ మొత్తంతోనా? మా ఇంట్లో ఇప్పుడిదే బహస్.

అమెజాన్ 1995లో పుస్తకాలతోనే దుకాణం తెరిచింది. ఫేస్‌బుక్ 2004లో హార్వర్డ్ విద్యార్థులకే. అందరికీ దర్వాజా తీసింది 2006లో.

దర్జీల యాప్ పెడుతున్న మా భాంజా మాత్రం "మామూ, మొదటి రోజే హైదరాబాద్ అంతా" అంటాడు. పూంజీ ఆపా చేతి గాజులే. అందుకే నా మష్వరా టోలీచౌకి ఒక్కటే. అక్కడే ఇరవైమంది దర్జీలుంటే కుర్తా సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. వాళ్లనే షహరంతా చల్లితే బండి పెట్రోలే మజూరీ మింగేస్తుంది, ఏ గల్లీకీ భరోసా కుదరదు.

ఒకటే షర్త్. మొహల్లా మంజిల్ కాదు, మొదటి మెట్టు. అక్కడివాళ్లు పిలవకుండానే రెండోసారి వస్తే పక్క మొహల్లాకి కదలాలి. రాకపోతే నుక్సాన్ అక్కడితో ఆగుతుంది.

ఆపా ఇదంతా విని, గాజుల్లో రెండే తీసి వాడి చేతిలో పెట్టింది.