సున్నా వేరు, ఖాళీ వేరు

డబ్బాలో కందిపప్పు లేదనడం వేరు, మూత తీసి చూడలేదనడం వేరు. ఈ తేడా వంటింట్లో మనకెవరూ చెప్పక్కర్లేదు. కానీ కంప్యూటర్లో లెక్కలు రాసేటప్పుడు చాలామంది ఇక్కడే తికమకపడుతున్నారు. పొదుపు సంఘం పద్దులో, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సో, పచ్చళ్ళ ఆర్డర్లో కంప్యూటర్లో రాసుకునే అక్కచెల్లెళ్ళు ఇప్పుడు ఎంతమంది లేరు! అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాను. నేను చదివింది ఇంటరే. కాబట్టి మీరూ భయపడకండి.

మా వీధి పొదుపు సంఘంలో 18 మందిమి ఉన్నాం. లెక్కలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాస్తాం. 1992లో మొదటిసారి వచ్చిన ప్రోగ్రామిది, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇందులో కొత్త వరుస తెరవగానే కొన్ని గడులు మనం ముట్టుకోకుండానే నిండి వస్తాయి. అలా వచ్చేదాన్ని 'డిఫాల్ట్ వాల్యూ' అంటారు. ఊరి పేరు ప్రతిసారీ టైపు చేసే శ్రమ తప్పుతుంది. హాయే కదా!

అయితే ప్రోగ్రాం తయారుచేసిచ్చిన అబ్బాయి 'కట్టిన మొత్తం' గడికి కూడా డిఫాల్ట్‌గా సున్నా పెట్టాడు. నెల మొదట్లో అందరి పేర్లకీ వరుసలు తెరిచి, డబ్బు వచ్చాక మొత్తం ఎక్కిస్తాం. ఒక నెల ఎక్కించే వంతు ఉన్నావిడ కూతురి పురిటికని ఊరెళ్ళింది. మీటింగులో జాబితా చదివితే, ఇళ్ళల్లో పనిచేసుకునే ఒక చెల్లెలి పేరు పక్కన సున్నా! "కట్టలేదు, జరిమానా వెయ్యండి" అన్నారెవరో. "అయిదో తారీఖునే ఇచ్చానక్కా" అంటూ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రసీదు పుస్తకం తీస్తే ఆమె మాటే నిజం. జరిమానా వెయ్యలేదు గానీ, పదిమందిలో మాట పడనే పడింది. ఆ గడి ఖాళీగా ఉండుంటే "ఇంకా రాయలేదేమో" అని ఎవరో ఒకరం అడిగేవాళ్ళం.

మర్నాడు కూర్చుని దాన్ని సరిచేశాను. మీ దగ్గరా ఇలాంటిదుంటే, ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. తరవాత టేబుల్‌ని 'డిజైన్ వ్యూ'లో తెరిచి, ఆ గడి పేరు మీద నొక్కండి. కింద 'డిఫాల్ట్ వాల్యూ' అన్న చోటు కనబడుతుంది. అక్కడున్న సున్నా చెరిపేసి, సేవ్ చెయ్యండి.

అయినా సున్నా వస్తోందా? అయితే ఫారమ్‌లో వెతకండి. ఫారమ్‌లోని గడికి విడిగా డిఫాల్ట్ పెట్టి ఉంటే టేబుల్లోది పనిచెయ్యదు, అదే చెల్లుతుంది.

ఇంకో సంగతి. మనం చేసిన మార్పు ఇకముందు తెరిచే వరుసలకే వర్తిస్తుంది. పాత సున్నాలు అలాగే ఉంటాయి. వాటిలో నిజంగా కట్టనివారెవరో, ఎక్కించకుండా వదిలేసినవి ఏవో కంప్యూటర్‌కి తెలియదు. రసీదు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే. నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది.

ఆ అబ్బాయి సున్నా పెట్టడానికీ కారణం లేకపోలేదు. ఖాళీ గడిని ఇంకో గడితో కూడితే జవాబు కూడా ఖాళీగానే వస్తుంది. దానికి 'ఎన్‌జెడ్' అనే ఫంక్షన్ ఉంది. కూడేటప్పుడు మాత్రం ఖాళీని సున్నాగా తీసుకుంటుంది, గడిని మాత్రం ముట్టుకోదు.

తేదీ విషయంలోనూ జాగ్రత్త. డిఫాల్ట్‌గా ఫలానా తేదీ అని టైపు చేసి పెడితే ఏడాదంతా అదే వస్తుంది. దాని బదులు ఇంగ్లీషులో 'డేట్' అని రాసి పక్కనే ఖాళీ బ్రాకెట్లు పెట్టండి. ఏ రోజు వరుస తెరిస్తే ఆ రోజు తేదీ దానంతటదే పడుతుంది.

ఊరి పేరు, ఈవేళ్టి తేదీ లాంటివి కంప్యూటర్ నింపినా ఫరవాలేదు. కానీ ఎవరు కట్టారు, ఎంత కట్టారు, ఎంత బాకీ అన్నవి మాత్రం మనిషే చూసి రాయాలి. ఈసారి కొత్త వరుస తెరిచినప్పుడు, మీరు ముట్టుకోకముందే ఏయే గడులు నిండి ఉన్నాయో ఒక్కసారి చూడండి. వాటిలో ఒకరి పరువుకి సంబంధించిన గడి ఉంటే, దాన్ని ఈ రోజే ఖాళీ చెయ్యండి.