రెండు రాళ్ళు

వైద్యుడు రాళ్ళను గురించి వ్రాస్తున్నాడంటే మూత్రపిండాలలోని రాళ్ళను గురించేనని మీరు అనుకోవడం సహజం. ఈసారి బాటమీది రాళ్ళను గురించి కూడా వ్రాయవలసి వచ్చింది. రెండింటికీ సంబంధమేమిటని అడుగుతారేమో. ఒక రాత్రి ఆ రెండూ మాకు ఒకేసారి ఎదురయ్యాయి.

ఉత్తర అమెరికాలో పదవీ విరమణ చేసినవారు పలువురు మోటార్‌హోమ్‌లో దూరప్రయాణాలు చేస్తారు. పడక, వంటగది, స్నానాలగది అన్నీ అమర్చిన బస్సువంటి బండి అది. విడిది చేరాక ఊళ్ళోకి వెళ్ళిరావడానికి దాని వెనుక ఒక చిన్న కారును తగిలించి లాక్కొని వెళతారు. మేమూ ఒక మిత్రుని కుటుంబంతో కలసి అలాగే అలాస్కా రహదారి మీద ప్రయాణం చేశాము. 1942లో యుద్ధావసరం కొద్దీ కెనడాలోని డాసన్ క్రీక్ నుండి అలాస్కాలోని డెల్టా జంక్షన్ వరకు వేసిన బాట అది. నేడు తారు పరచి ఉన్నా, నేల అడుగున గడ్డకట్టిన మంచు కరిగి బాట క్రుంగిన చోట్ల మరమ్మతులు సాగుతూనే ఉంటాయి. అక్కడ కంకర మీదనే పోవాలి.

యూకాన్‌లో క్లువానీ సరస్సు దాటి విడిది చేసిన రాత్రి, నా శ్రీమతికి కుడి డొక్కలో మొదలైన నొప్పి గజ్జల దాకా పాకింది. ఓకారింతలు ఆగలేదు. మూత్రనాళంలోకి రాయి దిగిందని నాకు అర్థమైంది. ఆరోగ్య కేంద్రానికి వెళదామని కారు దగ్గరకు పోతే, దాని క్రింద నేల తడిసి ఉంది. మోటార్‌హోమ్ వెనుక చక్రాలు విసరిన రాయి గ్రిల్ సందులోంచి దూరి రేడియేటరుకు చిల్లి పెట్టింది. అందులోని ద్రవమంతా కారిపోయింది. వెనుక లాక్కొనిపోయే కారులో ఇంజను నడవదు కనుక, వేడి పెరిగిందని హెచ్చరించే ముల్లూ కదలదు. నీటి గొట్టం, కరెంటు తీగ విప్పి, మోటార్‌హోమ్‌నే తీసుకొని బయలుదేరేసరికి ముప్పావుగంట గడిచింది. అది గుండెపోటు అయివుంటే ఏమయ్యేదని ఇప్పటికీ తలచుకుంటాను.

దూరప్రాంతాలలో ఆ చిన్న కారే మీ అంబులెన్సు. దానిని కాపాడుకోవడం రంగు చెడకుండా చూసుకోవడం మాత్రమే కాదు.

మొదటి రక్షణ వేగం తగ్గించడం. వేగం సగమైతే రాయి దెబ్బలోని శక్తి నాలుగోవంతు అవుతుంది. రెండవది, మోటార్‌హోమ్ వెనుక చక్రాల తరువాత బండి వెడల్పంతా వ్రేలాడే రబ్బరు తెర. అది నేలకు రాసుకోరాదు. రాసుకుంటే తానే రాళ్ళను లేపుతుంది. పొగగొట్టానికి తగిలేలా ఉండరాదు. మూడవది, రెండు బండ్ల నడుమ బిగించే గట్టి వలతెర. మలుపులలో చిరగకుండా, గాలికి కొట్టుకోకుండా కట్టాలి. గ్రిల్ వెనుక సన్నని లోహపు జాలి రేడియేటరును కాపాడుతుంది. కారు ముందుభాగానికి గుడ్డ తొడిగేవారు ముందుగా దుమ్ము తుడవాలి. లేకుంటే ఆ దుమ్మే రంగును గీరుతుంది. కంకర దాటిన ప్రతిసారీ ఆగి, కారు క్రింద తడి ఉన్నదేమో చూడండి.

అద్దం పగిలితే చేతితో దులపకండి. గాజుముక్క కంటిలో గుచ్చుకుంటే నలపవద్దు, పీకవద్దు. కంటిని నొక్కకుండా కాగితపు కప్పు మూతగా పెట్టి ఆసుపత్రికి చేరండి.

ఇక రెండవ రాయి సంగతి. బండి కదులుతుండగా మరుగుదొడ్డికి లేవడం కష్టమని నా శ్రీమతి నాలుగు రోజులుగా నీళ్ళు తగ్గించింది. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు. జీవితమంతా రోగులకు చెప్పిన మాటను ప్రక్కన కూర్చున్న మనిషికి చెప్పలేదు. రాళ్ళు వచ్చే తత్త్వం ఉన్నవారికి రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటంత నీరు అవసరం. మూత్రం లేత రంగులో ఉండటమే గుర్తు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఎంత త్రాగాలో తమ వైద్యుని అడగాలి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఒక్క గంట కూడా జాగు చేయకండి.

ఆమెకు జ్వరం రాలేదు. ఆరోగ్య కేంద్రంలో ఇంజెక్షనుతో నొప్పి తగ్గింది, మూడవనాడు రాయి పడిపోయింది. అది ఆవగింజకన్న కొంచెం పెద్దది. రేడియేటరులో దొరికినది శనగగింజంత. ప్రయాణానికి ముందు ఒక జాలి బిగించి, దారిలో రెండు గంటలకొకసారి ఆమెకు ఒక గ్లాసు నీళ్ళు అందించి ఉంటే, బహుశా ఆ రాత్రి అందరమూ హాయిగా నిద్రపోయేవాళ్ళం.