లాలాజలమును నోటిపూతయు

రెండు సంవత్సరముల క్రిందట మా యెనిమిదవ తరగతిలోని యొక బాలునకు, క్రిస్మసు కార్యక్రమములో లూకా సువార్త 2వ అధ్యాయమును కంఠతా చెప్పు పని యొప్పగించితిని. వానిది మంచి గొంతు. పండుగ వారము దినములుండగా వాడు నోరు విప్పుట మానెను. చెప్పుమన్నచో తలవంచుకొని నిలుచును. నేనది మొండితన మనుకొని, తరగతి యెదుట మందలించి, ఆ భాగమును వేరొకని కిచ్చితిని. ఆ సాయంకాలము వాని తల్లి వచ్చి, "మాస్టరుగారూ, వాడికి నోరంతా పూసిందండి. మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నాడు" అని చెప్పెను.

చూడగా బుగ్గల లోపలను నాలుక క్రిందను పుండ్లు. నడుమ తెలుపు, అంచున ఎరుపు. వేడి చేసినదని అందరివలెనే నేనును అంటిని. మజ్జిగ త్రాగుమంటిని. పది దినములలో మానెను. నెల తిరుగకమునుపే మరల పూసెను.

సంక్రాంతి సెలవుల తరువాత జీర్ణక్రియను గూర్చి పాఠము చెప్పుచు లాలాజలము కడకు వచ్చితిని. ఉమ్మి యన్న మనకు రోత. అయినను పెద్దవారి నోట దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు ఊరును. అందు నూటికి 99 పాళ్లు నీరే. కాపలావారందరును మిగిలిన యొక్క పాలులోనే యున్నారు. పెన్సిలినును కనుగొనుటకు ఆరేండ్లు ముందుగా, 1922లో, అలెగ్జాండరు ఫ్లెమింగు లైసోజైము అను పదార్థమును లోకమునకు తెలిపెను. అది కన్నీటిలోను ఉమ్మిలోను కోడిగ్రుడ్డు తెల్లసొనలోను ఉండి, కొన్ని సూక్ష్మజీవుల గోడలను కరగించును. లాక్టోఫెర్రిను ఇనుమును తాను పట్టుకొని సూక్ష్మజీవులకు దక్కనీయదు. హిస్టాటినులు బూజుజాతి జీవులను చంపుటయే గాక గాయము మానుటకును తోడ్పడును. ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఎ అనునది క్రిములు నోటిలోపలి పొరకు అంటకుండ వానిని చుట్టుకొనును. (అట్లని దెబ్బ తగిలిన వ్రేలిని నోట పెట్టుకొనరాదు, నోటిలో క్రిములును కోట్లకొలది గలవు.)

ఇంతలో ఆ బాలుడు లేచి, "ఇంత కాపలా ఉంటే నా నోరెందుకు పూస్తుంది మాస్టారూ?" అని యడిగెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

అప్పటికి గాని వానిని సరిగా చూడనైతిని. చొక్కా వ్రేలాడుచుండెను. భోజనమైన పిమ్మట కడుపు పట్టుకొనును. మాటిమాటికి బయటకు వెళ్లుటకు సెలవడుగగా, పాఠము తప్పించుకొనుటకే యని పలుమారు నేను నిరాకరించియుంటిని. తలిదండ్రులతో మాటలాడి పట్టణమందలి పెద్ద వైద్యునియొద్దకు పంపితిమి. ప్రేగును గొట్టముతో పరీక్షించి, అది క్రోన్ వ్యాధియని తేల్చిరి. న్యూయార్కు వైద్యుడు బరిల్ క్రోనును, ఆయన సహచరు లిద్దరును 1932లో దీనిని వర్ణించిరి.

వాని ప్రశ్నకు జవాబు ఇందే యున్నది. నోరు మొదలు గుదమువరకు ఉన్నది ఒకటే మార్గము. ఈ వ్యాధి అందెక్కడనైనను కనబడవచ్చును. కొందరిలో కడుపునొప్పికి ముందే నోటిపూత వచ్చును. వాని నోట కాపలా లేకపోలేదు. ప్రేగులలో శాంతముగా నివసించు సూక్ష్మజీవులను సైతము శత్రువులుగా నెంచి, దేహరక్షకబలము అదుపు తప్పి తన యింటినే కాల్చుచున్నది. లాలాజలము పైపూతను కడుగగలదు గాని, లోపలినుండి లేచిన మంట నార్పజాలదు. పైగా, చెడిన ప్రేగు ఇనుమును, బి-12 విటమినును చాలినంత గ్రహింపనిచో, ఆ కొరతవలనను నోరు పూయును.

తలిదండ్రులు భయపడవలదు. నోటిపూతలలో అధికభాగము సామాన్యమైనవే. ఒకటి రెండు వారములలో తామే మానును. అయితే మరల మరల వచ్చుచు, బరువు తగ్గుట, జ్వరము, విరేచనములు తోడైనపుడు మజ్జిగతో కాలము గడుపరాదు. కన్ను ఎఱ్ఱబడినచో మరియు త్వరపడవలెను. తుర్కీదేశపు వైద్యుడు హులూసి బెహ్చెత్ 1937లో తెలిపిన వ్యాధిలో నోటిపూతతో మొదలై చూపు పోవుటయు గలదు.

ఆ బాలుని యెదుట, తరగతి యెదుటనే, నా తప్పు నొప్పుకొంటిని. వాడు సిగ్గుపడి కిటికీవైపు చూచెను. వ్యాధి పూర్తిగా పోవునది కాదు. మందులతో అదుపులో నున్నది. ఇప్పుడు పదవ తరగతి. నోరు పూసిన దినమున జవాబును చీటిపై వ్రాసి నా బల్లమీద పెట్టును.

గడచిన క్రిస్మసునకు లూకా 2వ అధ్యాయమును వాడే చెప్పెను. గొల్లల భాగము కడ ఆగి, ప్రక్కనున్న గ్లాసెత్తి రెండు గుటకలు నీరు త్రాగి, మరల అందుకొనెను.