తొలిదినం ఎవరి ఖాతాలో?

రెండు తేదీల నడుమ ఎన్ని దినాలంటే వేళ్లు మడిచి చెప్పేయవచ్చు అనుకుంటాం. కానీ ఒక నెలకు 30, ఇంకో నెలకు 31, ఫిబ్రవరికి 28, లీపు సంవత్సరమైతే 29. పైగా 1900లో ఆ అదనపు దినం లేదు, 2000లో ఉంది. ఈ తలనొప్పి ప్రోగ్రాము రాసే ప్రతివాడికీ ఎందుకని కంప్యూటరు లైబ్రరీలోనే ఒక రొటీన్ సిద్ధంగా పెట్టినారు. ఒక మూలదినాన్ని సున్న అనుకుని, ప్రతి తేదీనీ అక్కడినుంచి ఎన్నో దినమో ఒక్క అంకెగా మార్చడమే దాని పని. ఆపైన మిగిలేది తీసివేతే. వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టంకు మూలదినం 1858 నవంబరు 17. యునిక్స్ కాలాన్ని లెక్కించేది 1970 జనవరి 1 నుంచి. మన సిద్ధాంతులు కలియుగాది నుంచి కట్టే అహర్గణమూ ఇదే పద్ధతి గదా!

నిమ్మనపల్లెలో మా ఇంటికి ఈ రొటీన్‌తో 2024లో పని పడింది. టమోటా నారుకని మా నాయన జనవరి 10న అమ్మ కమ్మలు కుదువబెట్టి 20,000 రూపాయలు తెచ్చినాడు. నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ. నెల మీద ఒక్క దినం దాటినా నిండు నెల వడ్డీ కట్టాల. మార్చి 10న డబ్బు తీసుకొని పోతే, "తెచ్చిన దినం, ఇచ్చే దినం రెండూ లెక్కే. నిన్నటితోనే రెండు నెలలు నిండె. మూడో నెలకు ఇంకో నాలుగు నూర్లు పెట్టు" అన్నాడు వడ్డీ ఆసామి.

కాలేజీ కంప్యూటరులో వేసి చూస్తే 60 వచ్చింది. "సరిగ్గా అరవయ్యే నాయనా" అన్నాను. పక్కనున్న అవ్వ నవ్వింది. "మీ తాత పోయిన దినాన్నే ఒకటని ఎంచి గదరా పదకొండో దినం చేసింది! ఆయప్ప గూడా అట్లే ఎంచినాడు" అనింది. అవ్వ లెక్కకు 61.

రొటీన్ తప్పు చెప్పలేదు, అవ్వా తప్పు చెప్పలేదు. అది కొలిచింది రెండు దినాల నడుమ దూరం. అవ్వ ఎంచింది దినాల వరుస. ఏది పట్టుకోవాలో యంత్రం చెప్పదు, మనుషులే ముందుగా ఒప్పుకోవాలి. కోర్టుకెక్కే గడువుల విషయంలో 1963 నాటి కాలపరిమితి చట్టం ఆ మాట తేల్చింది: గడువు ఏ దినం నుంచి మొదలో ఆ దినాన్ని వదిలేయాలి. మా కుదువ చీటీలో అట్లాంటి వాక్యమేదీ లేకపోయె. నాలుగు నూర్లూ కట్టి కమ్మలు విడిపించుకున్నాం. ఆ మరుసటి అప్పుకు మాత్రం మా నాయన, "తెచ్చిన దినం లెక్కలో లేదు" అని చీటీ మీద రాయించినాడు.

మిత్రులారా, రేపు మనలో ఎందరో బ్యాంకులకూ ఆఫీసులకూ ప్రోగ్రాములు రాస్తారు. రొటీన్‌ను పిలవడం ఒక్క లైను పని. తొలిదినం ఎవరి ఖాతాలో పడుతుందో అడిగి తెలుసుకొని ఆ లైను రాయండి. అవతల కమ్మలు కుదువబెట్టిన ఇల్లొకటి ఉండవచ్చు.