పాత లారీకి చిన్న మరమ్మతు

ఖతరు దేశపు దోహా నగరమందు ముషైరిబ్ అను పేట గలదు. అచ్చట 2015వ సంవత్సరమున తెరవబడిన కంపెనీ హౌస్ అను ప్రదర్శనశాల తొలినాటి చమురు కూలీల కష్టమును జ్ఞాపకము చేయుచున్నది.

ఆ పేటకు సరకులు చేరవేయు తెలుగు డ్రైవరొకడు ఒక సాయంకాలము తన పాత లారీని ఇంటి ముంగిట నిలిపి చూడగా, రేడియేటరు గొట్టము చివర నీరు కారుచుండెను. అంతలో కుమారుడు రేడియేటరు మూత విప్పబోయెను. తల్లి చప్పున వాని చేయి పట్టుకొనెను. ఇంజను వేడిగా నున్నప్పుడు మూత విప్పిన, లోపలి మరుగునీరు ఒత్తిడిచే మొగముపై చిమ్మును.

ఇంజను చల్లారిన పిదప తండ్రి గొట్టపు చీలిన కొసను కోసి మరల తొడిగెను. కుమారుడు క్లిప్పు బిగించెను. తల్లి నీరు పోసెను. ఇంజను నడుపగా చుక్కయు రాలలేదు.

చదువరులారా, గొట్టము చీలిన మరియొకటి దొరకును. బిడ్డ కన్ను పోయిన దొరకునా? మీ బిడ్డలకు మరమ్మతుతోకూడ ఓపికయు నేర్పుడి.