తాడవతల

స్టేజీకి నాలుగు బారల దూరంలో నిలబడ్డాను.

ఈ ఏప్రిల్ 14 రాత్రి, అంబేద్కర్ జయంతి. పగలంతా కాసిన ఎండ నేలలోంచి ఇంకా ఆవిరిగా పైకొస్తోంది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి వచ్చి ముక్కుపుటాల్లో తగులుతోంది. స్టేజీ మీద మా పల్లెల పిల్లలే ఏడుగురు. ఒకడి చేతిలో గిటారు, ఒకడి ముందు కీబోర్డు, ఒకడి చుట్టూ డ్రమ్ములు, ఇద్దరి మెడల్లో డప్పులు. పాడేది ఒక ఆడపిల్లా, ఒక కుర్రాడూ. డ్రమ్ములు వాయించేవాడు నా దగ్గర అయిదో తరగతి చదివినవాడే. "మాది రాక్ బ్యాండు సార్, ముందుకొచ్చి నిలబడాల మీరు" అని వారం ముందే చెప్పిపోయాడు.

బీరువాలంత సౌండు బాక్సులు. మొదటి దెబ్బకే నా చొక్కా గుండీలు అదిరినయ్. ఆ మోత చెవుల్లోకి రాలేదు, అరికాళ్ళలోంచి ఎక్కి రొమ్ములోకి వచ్చింది.

నాకు ముప్పై ఏడేళ్ళు. గవర్నమెంటు బడిలో పంతులుని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. పాట జరుగుతున్న స్టేజీకి ఇంత దగ్గరగా నిలబడటం నా బతుకులో ఇదే మొదలు. ఇందులో రాసుకోవడానికేముంది అని కొందరికి అనిపించొచ్చు. స్టేజీ ముందర తమకెప్పుడూ చోటుండబట్టి వాళ్ళకలా అనిపిస్తుంది. నేనెక్కణ్ణించి నడిచి ఆ నాలుగు బారల దూరానికి వచ్చానో చెప్పకపోతే ఈ సంగతి అర్థం కాదు.

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి ఊరు. పత్తి, మిరప. పత్తి తీతలు అయ్యాక మిరప కోతలు, కోతలయ్యాక కల్లాల్లో తాలుకాయ ఏరడం. అమ్మ చేతులు ఆ నెలల్లో మంటలు మండుతుండేవి. అన్నం కలిపి పెడితే మా నోళ్ళు కూడా మండేవి. కాయ గుంటూరు యార్డుకి తోలాక ఊరికి కాస్త తీరిక. అప్పుడే శ్రీరామనవమి. చలువ పందిళ్ళు, పానకం, వడపప్పు, రాత్రికి నాటకం. మా ఊరికి అదే పెద్ద కచేరీ.

నాటకం ఉందని ఊరంతా చాటింపు వేసేది మా నాయన. పొద్దుగూకే వేళకి చొప్ప మంట వేసి డప్పు కాచేవాడు. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ కాచేవాడు. తోలు ఖంగుమన్నాక మెడలో వేసుకుని, చిర్రా చిటికెన పుల్లా అందుకుని బజారు బజారూ తిరిగేవాడు. దేవుడి ఊరేగింపుకీ ఆయనే ముందు. శవానికీ ఆయనే ముందు. నాటకం మొదలయ్యేసరికి మాత్రం ఆయన చోటు మారిపోయేది. పందిరి కింద చాపలు పరిచిన జాగా ఊరి వాళ్ళది. దాని వెనక ఈ గుంజ నుంచి ఆ గుంజకి ఒక మోకు కట్టేవాళ్ళు. ఆ తాడవతల, పందిరి దాటాక, మట్టిలో మేము. నడిచేటప్పుడు అందరికంటే ముందుండే డప్పు, కూర్చునేటప్పుడు అందరికంటే వెనక.

1998 వేసవి. నాకు పదేళ్ళు. సత్యహరిశ్చంద్ర నాటకం. తెల్లవారుజామున కాటిసీను మొదలైంది. హరిశ్చంద్రుడు భుజాన కర్ర పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు. తాడవతలికి రాగం వస్తోంది గాని మాట రావడం లేదు. ముందు కూర్చున్నవాళ్ళు "వన్స్ మోర్" అని కేకలు. ఆ మాట కోసం నేను తాడు కింద నుంచి దూరాను. పడుకున్నవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పాక్కుంటూ స్టేజీ బల్లల దాకా వెళ్ళాను. పెట్రోమాక్సు లైటు వెలుగులో ఆయన ముఖం మీది రంగు చెమటకి కారడం చూశాను. పద్యం మాట మాటా వినపడింది. అంతే. ఎవరో నా చెవి పట్టుకుని పైకి లేపారు.

"వీడెవడి కొడుకురా?"

ఆ అడిగిన గొంతు వినేసరికే నాయన పరిగెత్తుకొచ్చాడు. తువ్వాలు నడుముకి చుట్టుకుని, చేతులు కట్టుకుని "తప్పయింది బాబూ, పిల్లనాయాలు" అన్నాడు. చేతిలో ఉన్న చిర్రతోనే నా పిక్కల మీద నాలుగు దెబ్బలు వేశాడు. అందరి ముందరా. నాటకం కాసేపు ఆగింది. తర్వాత మళ్ళీ పద్యం మొదలైంది.

ఆ తెల్లారుజామున అమ్మ వాతల మీద ఆముదం రాస్తూ అంది: "మీ నాయన కొడితే నీ పిక్కల మీద వాత పడుద్ది. ఆళ్ళు కొడితే పల్లె తగలబడుద్ది అబ్బయా."

అప్పుడది అర్థం కాలేదు. నాయన్ని చాలా ఏళ్ళు క్షమించలేదు. పెద్దయ్యాక లెక్కలు తెలిశాయి. మా ఊరికి ఎంతో దూరం లేని కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర, నీళ్ళు పాడు చేయొద్దన్న మాటతో మొదలైంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ గొడవకి మొదలు సినిమా హాలు. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగిలింది. ఒక ఆట చూడబోయి, ఎవరి వెనక ఎవరు కూర్చున్నారు, ఎవరి కాలు ఎవరికి తగిలింది అన్న దానికి ఎనిమిది ప్రాణాలు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నేను తాడు కింద దూరింది చుండూరు జరిగిన ఏడేళ్ళకి. నాయనకి ఆ లెక్క తెలుసు. నాకు తెలియదు. ఆయన కొట్టిన నాలుగు దెబ్బలూ నన్ను కాయడానికి కొట్టినవే.

డిగ్రీలో ఉండగా తెలుగు మాస్టారు జాషువా గురించి పాఠం చెబుతూ, కాటిసీనులో పాడే పద్యాల్లో గొప్పవి కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోవి కావని, జాషువా 'శ్మశానవాటి'లోవని చెప్పారు. నటులు వాటిని తెచ్చి ఆ సీనులో కలుపుకున్నారట. నాకు ఒళ్ళు జలదరించింది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా మనవాడు. మన కులాలవాళ్ళని తాడవతల మట్టిలో కూర్చోబెట్టి, మనవాడి పద్యానికి చాపల మీద కూర్చున్నవాళ్ళు వన్స్ మోర్ కొట్టారన్నమాట! రాజు ఒక్క రాత్రి కాటికాపరి అయితే ఊరు ఊరంతా ఏడ్చింది. ఏడాది పొడుగునా గుంటలు తవ్వే మా పెదనాయన కోసం ఎవరూ ఏడవలేదు.

ఆ శనివారమే ఇంటికెళ్ళి నాయనకి చెప్పాను. ఆయన బీడీ ఆర్పి చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అడిగాడు: "ఆ సంగతి హరిశ్చంద్రుడి ఏషం కట్టే ఆయనకి తెలుసంటావా?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంతవరకూ ఊరి తాడు సంగతి చెప్పాను. ఇక నేను కట్టిన తాడు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా మిగతాదంతా చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

1994 జూలై 7న మన ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం పుట్టింది. చాటింపు వేసే పనినే పేరుగా పెట్టుకుని, డప్పుని జెండాలాగా ఎత్తిన ఉద్యమం. ఆ తర్వాత సభలకి నాయన డప్పు వేసుకుని లారీ ఎక్కి వెళ్ళేవాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన నడకే వేరుగా ఉండేది. కూలికి కాకుండా, ఒకరు పిలిస్తే కాకుండా, తన కోసం తాను కొట్టిన దరువులవి. అట్లాంటి మనిషి చేత నేను డప్పు మాన్పించాను.

నాకు ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్ళో అద్దె ఇల్లు వెదుక్కుంటున్నాను. "మీరేమిట్లు మాస్టారూ?" అని అడిగితే "క్రైస్తవులమండీ" అన్నాను. అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ నెలలోనే ఇంటికెళ్ళి నాయనతో "ఇక చావులకీ పెళ్ళిళ్ళకీ పోబాక. నా పరువు పోతుంది" అన్నాను. నాయన ఏమీ అనలేదు. డప్పుని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాడు. వెట్టి మానడం మంచిదే, అది మన హక్కు. కాని నేను మాన్పించింది వెట్టి కాదు. ఆ చేతుల విద్యని సిగ్గుపడే పనిగా చేశాను. దండోరా సభకి పోవడం కూడా ఆయన దాంతోపాటే మానేశాడు. ఊరి వాళ్ళు కట్టిన తాడు పందిట్లో ఉండేది, నవమి అయ్యాక విప్పేవాళ్ళు. నేను కట్టింది మా ఇంట్లోనే, ఏళ్ళ తరబడి ఉంది.

ఈమధ్య చదివిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. రాక్ సంగీతం అమెరికాలో నల్లవాళ్ళ బ్లూస్‌లోంచి, చర్చి పాటల్లోంచి పుట్టింది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ లాంటి నల్లవాళ్ళు దానికి ప్రాణం పోశారు. 1950లలో అక్కడి దక్షిణ రాష్ట్రాల కచేరీల్లో హాలు మధ్యన తాడు కట్టేవాళ్ళట, తెల్లవాళ్ళు ఇటు, నల్లవాళ్ళు అటు. పాట నల్లవాళ్ళది, తాడు కూడా నల్లవాళ్ళకే! 1964 సెప్టెంబరులో జాక్సన్‌విల్‌లో, జనాన్ని విడదీసి కూర్చోబెడితే పాడమని బీటిల్స్ చెప్పారు. విడదీయకుండానే ఆ కచేరీ జరిగింది. తాడు అంటే మా ఊరి మోకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. దాని రెండో కొస సముద్రాల అవతల ఉంది.

2018 జనవరిలో చెన్నైలో సినిమా దర్శకుడు పా. రంజిత్ పూనికతో 'కాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బృందం స్టేజీ ఎక్కింది. గిటారు పక్కన పరై, డ్రమ్ముల పక్కన చావు ఇళ్ళ ముందు పాడే గానా పాట. పరై అంటే మన డప్పుకి తోడబుట్టిందే. ఆ వీడియోలు చూసి చూసే మా పిల్లలు బ్యాండు కట్టారు. కూలి డబ్బుల్లో మిగిల్చి గిటారు కొన్నారు. డ్రమ్ములు అద్దెకి తెచ్చారు. డప్పు మాత్రం కొనే పని లేదు, ప్రతి ఇంటి అటక మీదా ఒకటుంది.

ఆ రాత్రి మూడో పాట అయ్యాక వెనక్కి తిరిగి చూశాను. జనానికి వెనకగా, లైటు పడని చోట, రావిచెట్టు మొదట్లో నాయన నిలబడి ఉన్నాడు. నాతోపాటు బండి మీదే వచ్చాడు. నేను ముందుకు నడిచాను, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆ మైదానంలో తాడు లేదు. కట్టేవాడూ లేడు. అయినా ఆయన కాళ్ళు తాడు ఉండే చోటు గుర్తుపట్టి ఆగినయ్.

వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "ముందుకు రా నాయనా."

"ఇక్కణ్ణించి బానే ఇనపడుద్దిలేరా."

"మాట వినపడదు నాయనా. రాగమే వినపడుద్ది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. 1998 ఆయనకి గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. నడిచాడు. పిల్లలు దారిచ్చారు. స్టేజీ దాకా వచ్చి, సౌండు బాక్సు మీద అరచెయ్యి ఆనించి, దూడ వీపు నిమిరినట్టు నిమిరాడు. ఇంకో పాట విన్నాడు. విని ముఖం చిట్లించాడు.

"మోత బాగానే ఉందిగాని, ఆ రెండో డప్పు కాగలేదు. తోలు మెత్తబడింది. ఎవుడూ సూసుకోడే?"

పాట ఆగగానే ఆ కుర్రాడు డప్పు కిందికి అందించాడు. ఎవరో అట్టపెట్టెలు చించి మంట వేశారు. నాయన గొంతుక్కూర్చుని డప్పుని మంట మీద తిప్పుతూ, మీటుతూ, చెవి దగ్గర పెట్టుకుంటూ కాచాడు. బ్యాండు మొత్తం ఆగి ఆయన కోసం చూస్తోంది. మైదానమంతా చూస్తోంది. తోలు ఖంగుమంది. "వాయించు తాతా" అని అరిచారు పిల్లలు. ఆయన తల అడ్డంగా ఊపి డప్పుని కుర్రాడి చేతికిచ్చాడు. "నువ్వు కొట్రా. నేనింటా" అన్నాడు. అంతకు ముందు డప్పు కొట్టడమే ఆయన పని. ముందర నిలబడి వినడం ఆయనకీ ఇదే మొదలు.

చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక్క రాత్రితో తాడు తెగిపోయిందని నేను చెప్పను. మా ఊరి నవమి పందిట్లో ఇప్పుడు మోకు లేదు. కుర్చీలు వచ్చాయి. ముందు వరస కుర్చీలు ఎవరివో చెప్పకుండానే అందరికీ తెలుసు. మర్నాడు టీ బంకు దగ్గర "నిన్న మీవాళ్ళ మోతకి నిద్రలేదు మాస్టారూ" అన్నాడొకాయన. నవమికి మూడు రాత్రులు మైకులు మోగితే ఆయన నిద్ర పోయాడు మరి. ఆ తాళ్ళతో కొట్లాడదాం, తప్పదు. కాని మన అమ్మానాన్నలకి మనం ఇంట్లో కట్టిన తాడు ఏదన్నా ఉంటే ముందు దాన్ని విప్పండి. దానికి సభలూ అక్కర్లేదు, పర్మిషనూ అక్కర్లేదు.

మొన్న అటక మీది డప్పు దించాం. దుప్పటి చివికిపోయింది. తోలు ఎలుకలు కొరికి పగిలిపోయింది, చట్రం మాత్రం గట్టిగా ఉంది. కొత్త తోలు వేయాలి. నాయనకి చేతులు వణుకుతున్నయ్. నేను చట్రం పట్టుకుంటే తను బిగిస్తానంటున్నాడు. బడి తెరిచేలోపు అయిపోవాలి.